టేబుల్ గణాంకాలు: డేటాబేస్ తన డేటాను అంచనా వేసుకునే తీరు

టేబుల్ గణాంకాలు అంటే డేటాబేస్ తనలోని పట్టికల గురించి తానే రాసిపెట్టుకునే క్లుప్తమైన లెక్కలు. పట్టికలో వరుసలెన్ని, అవి డిస్కు మీద ఎన్ని పేజీలు ఆక్రమించాయి, ఒక్కో కాలమ్‌లో వేర్వేరు విలువలెన్ని, వాటిలో పదే పదే కనిపించేవి ఏవి, మిగిలినవి ఎక్కడ దట్టంగా, ఎక్కడ పల్చగా ఉన్నాయి అన్నవి ఇందులో ఉంటాయి. మనం అడిగిన ప్రశ్నకు జవాబు ఈ లెక్కల్లో దొరకదు. ఆ జవాబును ఏ దారిన వెతకాలో నిర్ణయించే ఆప్టిమైజర్‌కు మాత్రం ఇవే ఆధారం. లెక్క మంచిదైతే జవాబు రెప్పపాటులో వస్తుంది. లెక్క తప్పితే అదే జవాబు గంట తర్వాత వస్తుంది. జవాబులో తేడా ఉండదు కాబట్టి తప్పు ఎక్కడుందో చాలామందికి తెలియను కూడా తెలియదు.

రెండు ఇండెక్సులు

కంప్యూటర్ల కంటే చాలా ముందే ఈ సమస్య సబ్ రిజిస్ట్రారు కార్యాలయాల్లో ఉంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 55వ సెక్షను ప్రకారం దస్తావేజులకు వేర్వేరు ఇండెక్సులు కట్టాలి. ఒకటో ఇండెక్సు రాసిచ్చినవారి, రాయించుకున్నవారి పేర్ల మీద ఉంటుంది. రెండో ఇండెక్సు ఆస్తి వివరాల మీద ఉంటుంది. ఉయ్యూరు దగ్గర ఒక పొలానికి ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించాలని రైతు వచ్చాడనుకుందాం. చేతిలోని కాగితం మీద అమ్మినవాడి పేరు వెంకటేశ్వరరావు అని, పక్కనే పొలం సర్వే నంబరు ఉన్నాయి. అనుభవమున్న గుమాస్తా ఒకటో ఇండెక్సు జోలికి పోడు. కృష్ణా జిల్లాలో వెంకటేశ్వరరావులు ఎంతమందో అతనికి తెలుసు. నేరుగా రెండో ఇండెక్సు తీస్తాడు. పేరు అరుదైనదై, సర్వే నంబరు సరిగా తెలియకపోతే ఒకటో ఇండెక్సే దగ్గర దారి. ఎవరైనా ఆ ఊరి లావాదేవీలన్నీ కావాలంటే రెండింటినీ పక్కన పెట్టి, అసలు పుస్తకాన్నే మొదటి పేజీ నుంచి చదువుకుంటూ పోవడం మేలు.

ఆప్టిమైజర్ చేసే పని సరిగ్గా ఇదే. ఏ ఇండెక్సు వాడాలి, అసలు ఇండెక్సు వాడాలా వద్దా, రెండు పట్టికలను కలపాల్సి వస్తే ముందు దేన్ని తెరవాలి అని అది ప్రశ్న వచ్చిన ప్రతిసారీ తేల్చుకుంటుంది. గుమాస్తా తన ఇరవై ఏళ్ల నౌకరీ మీద ఆధారపడతాడు. ఆప్టిమైజర్ గణాంకాల మీద ఆధారపడుతుంది.

ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖ కార్డ్ పథకం కింద 1998 నవంబరులో తన కార్యాలయాలను కంప్యూటర్లలోకి మార్చడం మొదలుపెట్టింది. విజయవాడ నగరపాలక సంస్థ అదే ఏడాది జూన్‌లో విజయవాడ ఆన్‌లైన్ ఇన్ఫర్మేషన్ సెంటర్, అంటే వాయిస్, చేపట్టి 1999 డిసెంబరు నాటికి అమలులోకి తెచ్చింది. ఇంటి ప్లాను అనుమతులు, జనన మరణ ధ్రువపత్రాలు, ఆస్తిపన్ను, నీటిపన్ను వివరాలు ఐదు కియోస్కుల ద్వారా జనానికి అందాయి. ఇలాంటి మార్పు జరిగిన ప్రతిచోటా పుస్తకాలు డిస్కులోకి వెళతాయి, ఇండెక్సులూ వెళతాయి. గుమాస్తా తలలోని తెలివి మాత్రం ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు. దాన్ని డేటాబేస్ తన కష్టంతో తానే సంపాదించుకోవాలి.

1979 నాటి నిర్ణయం

ఆ సంపాదనకు తొలి స్పష్టమైన రూపం ఐబీఎం శాన్ హోసే పరిశోధనాలయంలో తయారైన సిస్టమ్ ఆర్ అనే డేటాబేస్‌లో కనిపిస్తుంది. ప్యాట్రీషియా సెలింజర్, ఆమె సహచరులు 1979లో ప్రచురించిన పత్రం ఈ రంగానికి పునాది. అందులో ఒక్కో పట్టికకు వరుసల సంఖ్య, పేజీల సంఖ్య, ఒక్కో ఇండెక్సుకు వేర్వేరు విలువల సంఖ్య, ఇండెక్సు పేజీల సంఖ్య ఉన్నాయి. అంతకు మించి పెద్దగా లేదు. ఏ లెక్కా దొరకని చోట వాళ్లు కొన్ని భిన్నాలు స్థిరపరిచారు. సమానత్వపు షరతుకు పదో వంతు వరుసలు వస్తాయని, ‘ఇంతకంటే ఎక్కువ’ అనే షరతుకు మూడో వంతు, రెండు హద్దుల మధ్య అనే షరతుకు నాలుగో వంతు వస్తాయని అనుకున్నారు. వాటికి గణిత నిరూపణ ఏమీ లేదు. చేతిలో ఏమీ లేనప్పుడు బుద్ధిగా వేసుకున్న అంచనాలు మాత్రమే అవి.

ఆ పత్రంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది మరొకటుంది. వరుస చేరిన ప్రతిసారీ, తీసేసిన ప్రతిసారీ గణాంకాలను సవరించకూడదని వాళ్లు నిర్ణయించారు. సవరిస్తే పట్టికలో రాసే ప్రతి ఒక్కరూ లెక్కలుండే ఆ ఒక్క చోటికి వచ్చి తాళం కోసం బారులు తీరాలి. అందుకని ఒక ఆదేశం ఇచ్చినప్పుడు మాత్రమే లెక్క కొత్తగా తీసేలా ఏర్పాటు చేశారు. అంటే గణాంకాలు ఎప్పుడూ ఏదో ఒక గడిచిన రోజువే. ఈనాటి డేటాబేస్‌లలో ఎక్కువ భాగం ఇప్పటికీ ఆ నిర్ణయం మీదే నడుస్తున్నాయి. ఆ తర్వాత జరిగిన కృషిలో చాలా మటుకు దాని పర్యవసానాలను సర్దుకోవడమే.

ఏమి రాసుకుంటుంది

ఇక ముందు చెప్పేదానికంతా ఒక ఊహాపట్టిక తీసుకుందాం. పాత ఉమ్మడి కృష్ణా జిల్లా భూముల పట్టిక, 10 లక్షల వరుసలు. కాలమ్‌లు జిల్లా, మండలం, గ్రామం, సర్వే నంబరు, పట్టాదారు పేరు, సాగు రకం, రిజిస్ట్రేషన్ తేదీ. ఇందులోని అంకెలు లెక్క కోసం వేసుకున్నవే.

పేర్ల కాలమ్‌లో వేర్వేరు విలువలు 2 లక్షలున్నాయనుకుంటే, సగటున ఒక్కో పేరుకు 5 వరుసలు. సిస్టమ్ ఆర్ పద్ధతి ఇక్కడితో ఆగుతుంది. అది ఎవరి పేరు అడిగినా 5 అంటుంది. నూటికి ఇద్దరు వెంకటేశ్వరరావులైతే నిజానికి వచ్చేవి 20,000 వరుసలు. అవి పట్టిక పొడవునా చెల్లాచెదురుగా ఉంటే ఇండెక్సు పట్టుకుని ఒక్కో పేజీకి పరుగెత్తడం కంటే పట్టిక మొత్తం ఒక్క ఊపున చదవడమే చౌక కావచ్చు. అందుకే నేటి డేటాబేస్‌లు తరచు వచ్చే విలువల జాబితా ఒకటి విడిగా ఉంచుకుంటాయి. పోస్ట్‌గ్రెస్‌లో మామూలుగా ఒక్కో కాలమ్‌కు 100 విలువల దాకా, ఒక్కోటి పట్టికలో ఎంత వంతో కూడా రాసి ఉంటుంది. 2009లో వచ్చిన 8.4 వెర్షన్‌కు ముందు ఆ హద్దు 10 మాత్రమే. కోస్తా జిల్లాల మనుషుల పేర్లకు పది విలువల జాబితా ఏ మూలకు సరిపోతుంది?

జాబితాలో చోటు దొరకని విలువలను, వాటి నిడివిని భాగాలుగా విడదీసి రాసుకునే హిస్టోగ్రామ్ చూసుకుంటుంది. దీని అవసరం ప్రకాశం బ్యారేజీ దగ్గర బాగా అర్థమవుతుంది. బ్యారేజీ నుంచి రోజూ సముద్రంలోకి వదిలే నీటిని క్యూసెక్కుల్లో రాసే పట్టిక ఉందనుకోండి. ఏడాదిలో చాలా రోజులు ఆ అంకె సున్నా లేదా దాని చుట్టుపక్కల ఉంటుంది. వర్షాకాలంలో కొన్ని రోజులు లక్షల్లోకి వెళుతుంది. సున్నా నుంచి గరిష్ఠం వరకు ఉన్న నిడివిని పది సమాన భాగాలు చేస్తే దాదాపు అన్ని రోజులూ మొదటి భాగంలోనే కుప్పపడతాయి. మిగతా తొమ్మిది బోసిగా ఉంటాయి. అలాంటి హిస్టోగ్రామ్ ఉన్నా లేనట్టే. 1984లో గ్రెగరీ ప్యాటెట్‌స్కీ-షపీరో, చార్లెస్ కానెల్ దీన్ని తిరగేశారు. భాగాల వెడల్పు కాకుండా ఒక్కో భాగంలో పడే వరుసల సంఖ్య సమానంగా ఉండాలన్నారు. అప్పుడు తక్కువ ప్రవాహం ఉన్న రోజుల మధ్య హద్దులు దగ్గర దగ్గరగా, వరద రోజుల మధ్య దూరంగా పడతాయి. పోస్ట్‌గ్రెస్ ఈనాటికీ ఈ సమాన లోతు పద్ధతినే వాడుతుంది.

1990 దశకంలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో యానిస్ అయోనిడిస్, విశ్వనాథ్ పూసల ఈ ప్రశ్నను లోతుగా తవ్వారు. హద్దులు ఎక్కడ గీస్తే పొరపాటు అతి తక్కువగా ఉంటుంది అన్నది వారి ప్రశ్న. పక్కపక్క విలువల మధ్య తేడా ఎక్కడ ఎక్కువో అక్కడే హద్దు గీయాలనే పద్ధతి పూసల, సహచరులు 1996లో ప్రచురించిన పత్రంలో ఉంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ హిస్టోగ్రామ్‌ది ఆ కుదురే. దానికి గరిష్ఠంగా 200 మెట్లు ఉంటాయి. ఒరాకిల్ 254 అరల (భాగాల) దగ్గర చాలాకాలం ఆగి, 2013లో 12సీతో 2,048కి పెరిగింది. మైఎస్‌క్యూఎల్‌లో హిస్టోగ్రామ్ రావడానికి 2018 నాటి 8.0 దాకా పట్టింది.

ఇంకొక చిన్న అంకె ఉంది. కాలమ్ విలువల వరుసక్రమానికీ, డిస్కు మీద వరుసలున్న క్రమానికీ ఎంత పొంతన ఉందో అది చెబుతుంది. రిజిస్ట్రేషన్లు తేదీ క్రమంలో చేరతాయి గనక ఒక నెల దస్తావేజులు పక్కపక్క పేజీల్లోనే ఉంటాయి. పేర్లు అలా ఉండవు. అందువల్ల రెండు కాలమ్‌ల నుంచి సమానంగా 20,000 వరుసలే వస్తున్నా, తేదీకి ఇండెక్సు లాభం, పేరుకు నష్టం.

మెతుకు పట్టి చూడటం

అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి ఒక మెతుకు పట్టి చూస్తే చాలంటారు. డేటాబేస్‌లు కూడా పట్టిక మొత్తం చదవకుండా నమూనా తీసుకుంటాయి. వ్యవసాయ గణాంకాల్లోనూ పద్ధతి ఇదే. వరి దిగుబడి తేల్చడానికి ప్రతి చేనూ కోయించరు. యాదృచ్ఛికంగా ఎంచిన చేలల్లో 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గల మడి కోసి, నూర్చి, తూచి, మిగతాదాన్ని దాని నుంచి లెక్కిస్తారు. వీటినే పంటకోత ప్రయోగాలంటారు.

పోస్ట్‌గ్రెస్ మామూలు అమరికలో ఒక పట్టిక నుంచి 30,000 వరుసలు తీసుకుంటుంది. పట్టికలో 10 లక్షల వరుసలున్నా 10 కోట్లున్నా ఆ సంఖ్య మారదు. వినగానే నమ్మకం కలగదు గానీ దీనికి గట్టి ఆధారం ఉంది. సురజిత్ చౌధురి, రాజీవ్ మోత్వానీ, వివేక్ నరసయ్య 1998లో చూపిన ఫలితం ప్రకారం హిస్టోగ్రామ్‌కు కావలసిన నమూనా పట్టిక పెరిగినంత వేగంగా పెరగనక్కర్లేదు. అరల సంఖ్య, ఓర్చుకోగల పొరపాటు, వీటిమీదే అది ఎక్కువగా ఆధారపడుతుంది. నూజివీడు, నందిగామల్లో కొంతకాలం బడి చదువు చదివిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు 1945లో నమూనా నుంచి పిండగల కచ్చితత్వానికి ఒక హద్దు ఉందని, పక్షపాతం లేని (అన్‌బయాస్డ్) సూత్రం ఎంత తెలివైనదైనా దాన్ని దాటలేదని చూపారు. నమూనా మీద ఆధారపడే ప్రతి లెక్క వెనుకా ఆ ఆలోచన ఉంది.

మెతుకు సామెత పనిచేయని చోటు కూడా ఉంది. వేర్వేరు విలువలు ఎన్ని అన్న ప్రశ్న దగ్గర నమూనా తడబడుతుంది. 30,000 వరుసల నమూనాలో 20,000 వేర్వేరు పేర్లు కనిపించాయనీ, అందులో 15,000 ఒక్కసారే కనిపించాయనీ అనుకుందాం. ఆ ఒక్కసారి కనిపించిన పేరు పట్టిక మొత్తంలో ఒక్కరిదేనా, ముప్పై మందిదా? నమూనా చెప్పదు. పోస్ట్‌గ్రెస్ ఇక్కడ పీటర్ హాస్, లిన్ స్టోక్స్ 1998లో ఇచ్చిన సూత్రం వాడుతుంది. ఒక్కసారే కనిపించిన విలువలు ఎంత ఎక్కువైతే, చూడనివి అంత ఎక్కువ ఉన్నాయని ఆ సూత్రం భావిస్తుంది. మన అంకెలకు అది సుమారు 38,800 ఇస్తుంది. పట్టికలో నిజంగా 2 లక్షల పేర్లుంటే అంచనా అయిదో వంతు. సూత్రాన్ని నిందించి లాభం లేదు. చిన్న నమూనా నుంచి ఈ ఒక్క అంకెను అన్ని సందర్భాల్లోనూ నమ్మకంగా తీసే దారి లేదని 2000 సంవత్సరానికల్లా గణితపరంగానే రుజువైంది. అందుకే పోస్ట్‌గ్రెస్ ఆ అంకెను మనిషే చేత్తో రాసిపెట్టే వీలు ఇచ్చింది.

ఒరాకిల్ 11జీలో వేరే దారి పట్టారు. పట్టిక మొత్తం ఒక్కసారి చదువుతూ, ప్రతి విలువను ఒక హ్యాష్‌గా మార్చి, వాటిలో కొన్నిటినే గుర్తుంచుకుని మొత్తం ఎన్నో లెక్కిస్తారు. ఇలాంటి క్లుప్త లెక్కలకు మూలం ఫిలిప్ ఫ్లాజోలే, నైజెల్ మార్టిన్‌ల 1985 నాటి పని. పట్టికను ఏడాది వారీగా ముక్కలు చేస్తే, ఒక్కో ముక్కకు (పార్టిషన్‌కు) విడిగా తీసిన క్లుప్త లెక్కలను ఆ తర్వాత కలిపేయవచ్చు గనక, ఈ ఏడాది దస్తావేజులు చేరినందుకు పాత ఇరవై ఏళ్ల దస్తావేజులను మళ్లీ చదవనక్కర్లేదు.

మైఎస్‌క్యూఎల్‌లో డేటా నిల్వ చూసే ఇన్నోడీబీ ఒక ఇండెక్సు నుంచి మామూలుగా 20 పేజీలు మాత్రమే చూస్తుంది. ఒక పేజీలో పక్కపక్కన ఉండేవి ఒకే తరహా వరుసలు గనక ఇరవై పేజీలంటే చాలాసార్లు మరీ తక్కువ. పెద్ద పట్టికలకు దీన్ని పెంచుకోవడమే మంచిది.

లెక్క పాతబడటం

ఎప్పుడు మళ్లీ లెక్కించాలి? అందరూ ఇచ్చే జవాబు ఒకటే. ఎన్ని వరుసలు మారాయో లెక్కబెట్టి, ఒక గీత దాటగానే కొత్తగా తీయాలి. పోస్ట్‌గ్రెస్‌లో ఆ గీత పట్టికలో పదో వంతు, పైన 50 వరుసలు. ఒరాకిల్‌లోనూ ఇన్నోడీబీలోనూ పదో వంతే. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో చాలాకాలం అయిదో వంతు, పైన 500 వరుసలు. కోటి వరుసల పట్టికలో 20 లక్షలు మారేదాకా పాత లెక్కతోనే నెట్టుకురావాలి. 2016 వెర్షన్ నుంచి పెద్ద పట్టికలకు వరుసల సంఖ్యను వెయ్యితో గుణించి వర్గమూలం తీస్తున్నారు. అదే కోటికి ఇప్పుడు గీత లక్ష.

అయితే ఎంత మారిందన్నది ఒక్కటే చూస్తే చాలదు. ఏమి మారిందో కూడా చూడాలి. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. కృష్ణా జిల్లా నుంచి విజయవాడ కేంద్రంగా ఎన్టీఆర్ జిల్లా వేరుపడింది. మచిలీపట్నం కృష్ణాకు కేంద్రంగా ఉండిపోయింది. నూజివీడు, కైకలూరు ప్రాంతాలు ఏలూరు జిల్లాలోకి వెళ్లాయి. మన ఊహాపట్టికలో ముందురోజు జిల్లా కాలమ్‌లో ఉన్నది ‘కృష్ణా’ అనే ఒకే విలువ. తెల్లారేసరికి మూడు. వరుసలు మారిన వెంటనే, కొత్త లెక్క తీసేలోపు ఎన్టీఆర్ జిల్లా భూములడిగితే ఆప్టిమైజర్‌కు ఆ పేరే తెలియదు. ఒక వరుస వస్తుందేమో అనుకుని ప్రణాళిక వేస్తుంది. వచ్చేవి లక్షలు. ఇంత పెద్ద మార్పు చేసినవాళ్లు ఆ వెంటనే, అదే చేత్తో, లెక్క కొత్తగా తీసే ఎనలైజ్ ఆదేశం కూడా ఇచ్చి తీరాలి.

అంచులకు సంబంధించిన చిక్కు మరింత మొండిది. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. 2009 అక్టోబరు వరదను అది దాటేసింది. అదే రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలకు కాలనీలు మునిగాయి. ఏళ్ల తరబడి రోజుకొకటిగా పేరుకున్న పట్టికలో ఆ రోజు చేరింది ఒకే వరుస. ఏ గీతా దాటదు. పాత హిస్టోగ్రామ్ చివరి హద్దు దాటి ఏమీ లేదనే ఆప్టిమైజర్ నమ్ముతుంది. పట్టిక మొత్తం మీద ముఖ్యమైన వరుస గణాంకాల కంటికి ఆననిదే అయింది. ఒక్క వరుస కాబట్టి ఇక్కడ నష్టం లేదు. రిజిస్ట్రేషన్ తేదీలాంటి కాలమ్‌లో మాత్రం నష్టం రోజూ జరుగుతుంది. ఈ వారం దస్తావేజులన్నీ చివరి హద్దుకు అవతలే ఉంటాయి, జనం ఎక్కువగా అడిగేవీ అవే. పోస్ట్‌గ్రెస్ ప్రశ్న హిస్టోగ్రామ్ అంచుకు వచ్చినప్పుడు, ఇండెక్సు ఉంటే అందులోకి తొంగిచూసి అసలు గరిష్ఠం ఎంతో తెలుసుకుంటుంది. ఒరాకిల్ 19సీలో వరుసలు చేరుతుండగానే కనిష్ఠ గరిష్ఠాలవంటి చిన్న లెక్కలను సవరించే సదుపాయం వచ్చింది.

కైకలూరు, చేపల చెరువు

ఇంతవరకు చెప్పిన లోపాలకు మందు ఉంది. ఒక్కో కాలమ్‌ను విడివిడిగా లెక్కించడంలోని లోపం వీటన్నిటికంటే లోతైనది. డెల్టా భూములు ఎరిగినవారికి దీన్ని వివరించడం తేలిక. నూజివీడంటే మామిడి, ఉయ్యూరంటే చెరకు, కొల్లేటి పక్కన కైకలూరంటే చేపల చెరువు. మండలం పేరు చెప్పగానే సాగు సగం చెప్పినట్టే. ఆప్టిమైజర్ మాత్రం ఈ రెండు కాలమ్‌లకూ ఏ సంబంధమూ లేదనుకుని వంతులను గుణిస్తుంది. కైకలూరు మండలం వరుసలు నూటికి 2, చేపల చెరువులు నూటికి 5 అనుకుందాం. గుణిస్తే వెయ్యింటికి ఒకటి, 10 లక్షల్లో 1,000 వరుసలు. ఆ మండలంలో ముప్పాతిక భూమి చెరువులే అయితే అసలు సంఖ్య 15,000. వెయ్యికి సరిపడే ప్రణాళిక, అంటే ఒక్కో వరుసకూ రెండో పట్టికలోకి వెళ్లి వెతికి రావడం, పదిహేను వేలకు భారమైపోతుంది. కైకలూరులో చెరకు కావాలంటే పొరపాటు ఎదురు దిక్కున జరుగుతుంది. లేనివాటిని ఉన్నాయనుకుంటుంది.

పట్టికలు కలిసేకొద్దీ ఈ పొరపాట్లు ఒకదానితో ఒకటి గుణించుకుంటాయి. అయోనిడిస్, స్టావ్రోస్ క్రిస్టొడౌలాకిస్ 1991లోనే దీన్ని గణితంతో చూపారు. 2015లో విక్టర్ లైస్, సహచరులు సినిమాల డేటాబేస్ ఐఎండీబీ మీద పేరున్న వ్యవస్థలను పరీక్షించినప్పుడు, పట్టికలు పెరిగేకొద్దీ అంచనాలు వేల రెట్లు కూడా తప్పుతున్నాయని తేలింది.

ప్రయత్నాలు ఆగలేదు. 2001లో ఐబీఎం డీబీ2 కోసం లియో అనే పద్ధతి ప్రతిపాదించింది. ప్రశ్న నడిచాక నిజంగా ఎన్ని వరుసలొచ్చాయో చూసి, తన అంచనాను అదే దిద్దుకుంటుంది. పెద్దాపురం నుంచి వెళ్లి అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న కంభంపాటి సుబ్బారావు బృందం 2000 దశకం తొలి ఏళ్లలో ఇంకా కష్టమైన సమస్య తీసుకుంది. పట్టికలు మనవి కానప్పుడు, ఎక్కడో వెబ్‌లో ఇతరుల చేతిలో ఉన్నప్పుడు ఏ మూలంలో ఎంత దొరుకుతుందో ప్రశ్నలు వేస్తూనే నేర్చుకోవాలి. ఇటీవల యంత్ర అభ్యాసంతో కాలమ్‌ల మధ్య సంబంధాలు పట్టే నమూనాలు వస్తున్నాయి. పరీక్షల్లో బాగానే ఉన్నాయి గానీ, డేటా మారిన ప్రతిసారీ వాటికి మళ్లీ నేర్పించే ఖర్చు ఇంకా ఎక్కువే.

ప్రస్తుతానికి చేతికందే మార్గం, ఏ కాలమ్‌లు జంటలో డేటాబేస్‌కు మనిషి చెప్పడమే. ఒరాకిల్ 11జీ కాలమ్ గుంపుల మీద గణాంకాలు తీయనిచ్చింది. పోస్ట్‌గ్రెస్‌లో 2017 నాటి 10వ వెర్షన్ నుంచి ‘క్రియేట్ స్టాటిస్టిక్స్’ ఆదేశం ఉంది. గ్రామం తెలిస్తే మండలం ఎంతవరకు తెలిసినట్టు అన్నదాన్ని అది సున్నాకూ ఒకటికీ మధ్య ఒక అంకెగా రాస్తుంది. ఒకే పేరున్న ఊళ్లు రెండు మూడు మండలాల్లో ఉంటాయి గనక ఆ అంకె ఒకటికి కాస్త తక్కువే వస్తుంది. 2019 నాటి 12వ వెర్షన్‌లో విలువల జంటల జాబితా కూడా చేరింది. 2025లో వచ్చిన 18వ వెర్షన్‌కు ముందు, డేటాబేస్‌ను కొత్త వెర్షన్‌కు మార్చిన ప్రతిసారీ గణాంకాలన్నీ పోయేవి, మొదటి నుంచి తీసుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు మామూలు కాలమ్ గణాంకాలు వెంట వస్తాయి. చేత్తో చెప్పిన జంటల లెక్కను మాత్రం అప్‌గ్రేడ్ తర్వాత ఎనలైజ్ నడిపి మళ్లీ తీయాలి. మండలం, సాగు రకం అనే రెండు కాలమ్‌ల పేర్లతో ‘క్రియేట్ స్టాటిస్టిక్స్’ ఆదేశం ఒక్కసారి రాసి ఎనలైజ్ నడిపితే, కైకలూరు చేపల చెరువుల అంచనా వెయ్యి నుంచి పదిహేను వేల దగ్గరికి చేరుతుంది.